పర్మాంగనేట్ మోతాదు చెప్పాల్సింది ఎకరం కాదు, నీళ్లు

మా కైకలూరు వైపు చేపల చెరువు ఉన్న ఏ మకాంలో (చెరువు గట్టు మీది కాపలా షెడ్డులో) చూసినా ఓ మూల పర్మాంగనేట్ డబ్బా కనబడుతుంది. చేప మొప్ప పాడైనా, తోక కుళ్లినా, చెరువులో చేపపిల్ల వదిలే ముందైనా, ఒక్కోసారి ఏ కారణమూ లేకపోయినా చెయ్యి ఆ డబ్బా మీదకే వెళ్తుంది. నేను ఇక్కడ నీళ్లు పరీక్ష చేసే చిన్న ల్యాబు నడుపుతాను. డిగ్రీ కెమిస్ట్రీలో, బొట్లు కొలిచి వదిలే గాజు గొట్టమైన బ్యూరెట్‌తో మొదలైన పరిచయం నాకూ ఈ ఊదా గింజలకూ. సీసాలో నీళ్లు పట్టుకొచ్చిన రైతులు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే: "తమ్ముడూ, ఎకరానికి ఎన్ని కేజీలు చల్లమంటావ్?"

ఆ ప్రశ్నకు నేను సంఖ్య చెప్పను. ఎవరు చెప్పినా నమ్మొద్దంటాను. ఆ సంఖ్య మీ చెరువు నీళ్లే చెప్పాలి. అదెలా చెప్పించాలో, చెప్పాక ఏం చెయ్యాలో, ఈ మందును మన ఒంటికీ మకాంకీ ప్రమాదం రాకుండా ఎలా వాడాలో వివరంగా రాస్తున్నాను.

అసలీ మందు చేసే పని

పొటాషియం పర్మాంగనేట్ ముదురు ఊదా రంగు గింజ. వెలుతురులో అటూ ఇటూ తిప్పితే కంచు మెరుపు కనిపిస్తుంది. వాసన ఉండదు. నీళ్లలో వేస్తే గింజ కిందికి దిగుతూ వెనకాల ఊదా రంగు దారం వదులుతుంది. గ్లాసు నీళ్లకు రెండు మూడు గింజలు పడితే చాలు, మొత్తం గులాబీ రంగెక్కుతుంది. ఇంత తక్కువకే ఇంత రంగు వస్తుంది కాబట్టే "చాలా పడింది" అని కన్ను మోసపోతుంది.

అందులోని మాంగనీసు +7 స్థితిలో ఉంటుంది. ఎదురుగా ఏది దొరికితే దాని దగ్గర ఎలక్ట్రాన్లు లాక్కుని కిందికి దిగాలని చూస్తుంది. ఆమ్లం కలిసిన నీళ్లలో అయితే +2 దాకా దిగి రంగు పూర్తిగా పోతుంది. కాలేజీ ల్యాబులో ఆక్సాలిక్ ఆమ్లాన్ని 60, 70 డిగ్రీలకు వేడిచేసి టైట్రేషన్ (బొట్టు బొట్టుగా కలిపి పరిమాణం తేల్చే పరీక్ష) చేసేటప్పుడు జరిగేది అదే. వేరే సూచిక అక్కర్లేదు, దాని రంగే సూచిక. ద్రావణం మరీ ముదురుగా ఉండి అడుగు వంపు కనబడదు కాబట్టి బ్యూరెట్‌లో పై అంచు దగ్గర రీడింగు తీసుకుంటాం. చెరువు నీళ్లు ఆమ్లం కాదు. అక్కడది +4 దగ్గర ఆగిపోతుంది. ఆ +4 రూపమే మాంగనీస్ డయాక్సైడ్, టీ రంగు గోధుమ పొడి. మందు చల్లిన చెరువు ముందు గులాబీ రంగులోకి తిరిగి, తర్వాత గోధుమ రంగుకు మారడం వెనక ఉన్న కథంతా ఇదే. గులాబీ ఉందంటే మందు ఇంకా బతికుంది. గోధుమ వచ్చిందంటే అయిపోయింది.

ఇక్కడే అసలు చిక్కుంది. పర్మాంగనేట్‌కు రోగకారక బాక్టీరియా ఏదో, తవుడు పొడి ఏదో తేడా తెలియదు. నాచు, పేడ, కుళ్లిన మేత, నీళ్లలో కరిగిన ఇనుము, అడుగు బురద, చేప మొప్ప, అన్నిటి మీదా ఒకేలా పడుతుంది. ఒక మిల్లీగ్రాము ఇనుమే 0.94 మిల్లీగ్రాముల పర్మాంగనేట్‌ను మింగేస్తుంది. మన దగ్గర కర్రలకు సంచులు కట్టి తవుడు మేపుతాం, ఎరువు వేస్తాం, నీళ్లు ఆకుపచ్చగా చిక్కబడతాయి. అలాంటి చెరువులో చల్లిన మందులో చాలా భాగం రోగం దాకా చేరకుండానే ఖర్చయిపోతుంది. పక్క రైతు చెరువులో పనిచేసిన మోతాదు మీ చెరువులో పనిచెయ్యకపోవడానికి కారణం మందు నకిలీ కావడమే కానక్కర్లేదు. రెండు చెరువుల నీళ్లూ వేరు, అంతే.

ఏ రోగానికి వాడాలి, దేనికి వద్దు

చేప ఒంటి మీద, మొప్పల మీద ఉండే వాటికే ఇది మందు. మొప్పల కుళ్లు, తోక కుళ్లు తెచ్చే పైపై బాక్టీరియా మీద, గాయం మీద పట్టిన బూజు మీద, సూక్ష్మదర్శినిలో మాత్రమే కనిపించే పైపరాన్నజీవుల మీద పనిచేస్తుంది. రక్తంలోకి, కాలేయంలోకి పాకిన జబ్బును ముట్టుకోలేదు. చేప పేనుకు కూడా చెరువులో దీన్ని నమ్ముకోకండి. అందుకే ముందు చేపను పట్టి మొప్ప ఎత్తి చూడాలి, వీలైతే సూక్ష్మదర్శిని కింద చూపించాలి. శీలావతి చేప మొప్ప నిండు ఎరుపుగా ఉండి, ఒంటి మీద మచ్చ లేకుండా చస్తుంటే అది పర్మాంగనేట్ పని కాదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే చాలామంది ఈ డబ్బా అందుకుంటారు. "ఆక్సిడైజర్ కదా, ఆక్సిజన్ ఇస్తుంది" అనే నమ్మకం మా వైపు బలంగా నాటుకుపోయింది. అది నిజం కాదు. అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయంలో చెరువు నీళ్ల మీద జీవితకాలం పనిచేసిన క్లాడ్ బోయ్డ్ లాంటివాళ్లు దీన్ని 1970ల నుంచే చెబుతున్నారు. పర్మాంగనేట్ వేస్తే నీటిలో ఆక్సిజన్ పెరగదు. పైగా నాచు దెబ్బతింటుంది. పగలు ఆక్సిజన్ తయారు చేసేది ఆ నాచే. అది చచ్చి కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది. చేప నోరు తెరిచినప్పుడు కావాల్సింది ఏరియేటరు (నీళ్లకు గాలి పట్టించే యంత్రం), కొత్త నీళ్లు, మేత ఆపడం.

బకెట్ పరీక్ష

ఈ పద్ధతి 1989లో క్రెయిగ్ టక్కర్ అనే శాస్త్రవేత్త అమెరికా క్యాట్‌ఫిష్ చెరువుల కోసం రాసి పెట్టింది. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. బంగారం తూచే రకం చిన్న డిజిటల్ కాటా, మందుల షాపులో దొరికే సూదిలేని 5 మిల్లీలీటర్ల సిరంజి, అరడజనుకు మించి తెల్లటి ప్లాస్టిక్ మగ్గులు, ఓ గడియారం ఉంటే చాలు.

ముందు మాతృ ద్రావణం చేసుకోండి. ఒక గ్రాము పర్మాంగనేట్ తూచి, ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో పూర్తిగా కరిగే దాకా కలపండి. బ్యాటరీలో పోసే నీళ్లు సరిపోతాయి. కుళాయి నీళ్లు, చెరువు నీళ్లు వద్దు. వాటిలో ఉన్న మురికి ముందే కొంత మందు తినేస్తే లెక్కంతా తప్పుతుంది. ఈ ద్రావణంలో ప్రతి మిల్లీలీటరులోనూ ఒక మిల్లీగ్రాము మందు ఉంటుంది. అంటే లీటరు చెరువు నీళ్లకు ఒక మిల్లీలీటరు కలిపితే 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము). గోధుమ రంగు గాజుసీసాలో చీకట్లో దాచుకోవచ్చు కానీ ఎప్పటికప్పుడు తాజాగా చేసుకోవడమే మంచిది. సీసా అడుగున గోధుమ మడ్డి కనబడితే పారబోయాల్సిందే.

చెరువు నీళ్లు గట్టు పక్కన ముంచుకోవద్దు. పడవలో మధ్యకు వెళ్లి, నాలుగైదు చోట్ల, మోచెయ్యి లోతున ముంచి ఒక బకెట్‌లో కలపండి. మందు చల్లాలనుకున్న రోజు పొద్దున్నే తెచ్చుకోవాలి. నిన్నటి నీళ్లు ఈరోజుకు పనికిరావు. నిన్న సాయంత్రం మేత వేశారు, రాత్రి గాలి తిరిగింది, అడుగు కదిలింది.

బకెట్‌లోంచి ఒక్కో మగ్గులో కచ్చితంగా లీటరు పోయండి. మొదటి దానిలో అర మిల్లీలీటరు, రెండో దానిలో ఒకటి, మూడో దానిలో ఒకటిన్నర, ఇలా అర అర పెంచుకుంటూ మాతృ ద్రావణం కలపండి. నాచు చిక్కగా ఉన్న చెరువైతే ఒకటి, రెండు, మూడు అని పోవచ్చు. మగ్గుల మీద మార్కర్‌తో సంఖ్య రాసుకోండి. కలిపి, నీడలో పెట్టి, పదిహేను నిమిషాలు ఆగండి.

ఆ పదిహేను నిమిషాలు మగ్గుల పక్కనే కూర్చోండి. ఏ రైతుకైనా తన చెరువు నీళ్లు ఇంత దగ్గరగా చూసే వీలు దొరికేది అప్పుడే. ముందు అన్నీ గులాబీ రంగులోనే ఉంటాయి. రెండో నిమిషానికే మొదటి మగ్గు అంచుల దగ్గర రంగు మసకబారుతుంది. గులాబీలో నారింజ ఛాయ వస్తుంది, అది కాస్తా పల్చటి డికాక్షన్ రంగవుతుంది. ఆ వెనకే రెండోది. కొన్ని చెరువుల్లో నాలుగో మగ్గు కూడా మీ కళ్ల ముందే చచ్చిపోతుంది. నీడలోంచి తీసి తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి చూస్తే, సన్నటి గులాబీ ఛాయ మిగిలిందా లేదా అన్నది తేలిగ్గా తెలుస్తుంది. అనుమానంగా ఉంటే పక్కన ఉత్త చెరువు నీళ్ల మగ్గు పెట్టుకుని పోల్చండి.

పదిహేను నిమిషాల తర్వాత ఏ మగ్గుల్లో గులాబీ మిగిలిందో, వాటిలో అతి తక్కువ సంఖ్య ఉన్నదే మీ చెరువు గిరాకీ, అంటే ఆ నీళ్లు తామే మింగేసే మందు. దాన్ని 2.5తో గుణిస్తే చల్లాల్సిన మోతాదు పీపీఎంలలో వస్తుంది. ఉదాహరణకు అర, ఒకటి గోధుమ రంగుకు తిరిగి, ఒకటిన్నర గులాబీగా ఉంటే: 1.5ను 2.5తో గుణిస్తే 3.75 పీపీఎం.

కేజీల్లోకి మార్చుకోవడం

ఒక ఎకరం విస్తీర్ణంలో ఒక అడుగు లోతు నీళ్లకు 1 పీపీఎం రావాలంటే 1.233 కేజీల మందు కావాలి. ఎకరాలను అడుగులతో, ఆ వచ్చినదాన్ని 1.233తో, దాన్ని పీపీఎంతో గుణించండి.

అర ఎకరం నర్సరీ చెరువు, సగటున 3 అడుగుల నీళ్లు, 3.75 పీపీఎం అనుకుందాం. సుమారు 6.9 కేజీలు.

ఇదే లెక్క పదెకరాల చెరువుకు వేసి చూడండి. 5 అడుగుల నీళ్లు, ఏళ్ల తరబడి తవుడు తిన్న ఆకుపచ్చ చెరువు, గిరాకీ 4 వచ్చిందనుకోండి. మోతాదు 10 పీపీఎం. మందు ఆరువందల కేజీల పైమాటే. ఎవరు కొంటారు? కొని చల్లినా అంత నాచు ఒక్కసారి చస్తే ఆ రాత్రి చేప మిగులుతుందా? మరి అందరూ చెప్పుకునే "ఎకరానికి రెండు కేజీలు" మాటేమిటి? 5 అడుగుల నీటిలో అది 0.32 పీపీఎం. బకెట్ పరీక్షలో మొదటి మగ్గుకన్నా తక్కువ. ఆ నీళ్లలో రంగు గాలికి చెదిరేలోపే మందు పని అయిపోతుంది. ఆ డబ్బు నీళ్లలో పోసినట్టే అని నేను రైతులకు మొహం మీదే చెబుతాను. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను. పర్మాంగనేట్‌కు సరైన చోటు నర్సరీ చెరువులు, సిమెంటు తొట్లు, హాపాలు (నీళ్లలో కట్టే వల తొట్లు), పిల్లను వదిలేముందు ముంచే టబ్బు. పెద్ద పెంపకపు చెరువులో గిరాకీ 2 దాటితే నేను వద్దనే అంటాను. ముందు నీళ్లు మార్చండి, మేత తగ్గించండి, వేరే దారి చూడండి.

లెక్కలో తప్పులు ఎక్కువగా జరిగేది రెండు చోట్ల. పట్టాలో ఉన్న ఎకరాల్లో గట్లు కూడా కలిసి ఉంటాయి, మందు పడేది నీటి విస్తీర్ణానికే. ఇక లోతు విషయంలో రైతు గట్టు ఎత్తు చెబుతాడు. కర్ర పట్టుకుని పడవలో పది చోట్ల పొడిచి చూసి సగటు తీసుకోండి. ఐదడుగులు అనుకున్న చెరువు మూడున్నర తేలితే, చల్లే మందు దాదాపు సగం ఎక్కువైపోతుంది.

లెక్క తేలాక కూడా ఒక జాగ్రత్త ఉంది. ఒక టబ్బులో అదే చెరువు నీళ్లు పోసి, అదే మోతాదు కలిపి, గాలి పెట్టి, ఐదారు చేపలు వదిలి కొన్ని గంటలు చూడండి. అవి బాగుంటేనే చెరువు జోలికి వెళ్లండి.

కరిగించడం, చల్లడం

20 డిగ్రీల నీటిలో లీటరుకు 64 గ్రాములకు మించి కరగదు. మన ఎండకు ఇంకొంచెం కరుగుతుంది కానీ దాన్ని నమ్ముకోవద్దు. 6.9 కేజీలకు నూట పది లీటర్లు కనీసం కావాలి. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ముప్పావు దాకా నింపి కరిగించండి. ఇనుప డ్రమ్ము వద్దు. కలపడానికి పీవీసీ పైపు ముక్క వాడండి. ముందు నీళ్లు, తర్వాత మందు, కొద్దికొద్దిగా. డ్రమ్ము మొత్తం చిక్కటి ఊదా కాబట్టి అడుగున గింజలు మిగిలాయో లేదో కంటికి తెలియదు. పైపుతో అడుగు గీరి చూడండి, ఇసుకలా తగిలితే ఇంకా కరగలేదు. పైది చెరువులో వంపి అడుగున మళ్లీ నీళ్లు పోసి కలపండి. కరగని గింజ చెరువులో పడితే బురదలోకి దిగి వృథా అవుతుంది, లేదా చేప మీద పడి కాలుస్తుంది.

సూర్యుడు పైకి వచ్చి, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) 4 పీపీఎం దాటాక మొదలుపెట్టండి. మీటరుతో చూసి నమోదు చేసుకోండి. ఏరియేటర్లు తిరుగుతుండాలి, ఆ రాత్రంతా కూడా. సాయంత్రం చల్లే అలవాటు మానండి. నాచు చావు, రాత్రి ఆక్సిజన్ కొరత రెండూ ఒకేసారి వచ్చిపడతాయి. గాలి వీపు వైపు ఉండేలా పడవ నడుపుతూ చెరువంతా సమంగా పొయ్యాలి, ఒకే మూల గుమ్మరించకూడదు. ముందురోజూ ఆ రోజూ మేత సంచులు కట్టకండి. సంచి చుట్టూ ఉన్న తవుడే సగం మందు లాగేస్తుంది.

చల్లాక నీటి రంగు చూస్తూ ఉండండి. కనీసం నాలుగు గంటలు గులాబీ నిలవాలి. అంతకన్నా ముందే గోధుమ రంగుకు తిరిగితే మోతాదు చాలలేదని అర్థం. కానీ ఆ రోజే మళ్లీ చల్లొద్దు. వారం తిరక్కుండా రెండోసారి వెయ్యకూడదు. గోధుమ పొడి మొప్పల మీద పేరుకుంటే మందే జబ్బవుతుంది. పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ కాబట్టి సున్నం వేసిన వారంలో దీన్ని తేకండి.

పొరపాటున ఎక్కువ పడి చేపలు గట్టుకు కొట్టుకుంటుంటే సోడియం థయోసల్ఫేట్ ఉందిగా, మన ఆక్వా షాపులన్నిటిలో దొరికేదే. అది గులాబీ రంగును నిమిషాల్లో చంపేస్తుంది. ఎంత కావాలో మళ్లీ బకెట్‌లోనే తేల్చుకోవాలి: లీటరు నీళ్లకు కొలిచి కొలిచి కలుపుతూ, ఏ మోతాదుకు గులాబీ పోయిందో చూసి అదే నిష్పత్తిలో చెరువుకు. అందుకే మందు చల్లేరోజు థయోసల్ఫేట్ బస్తా మకాంలో ముందే ఉండాలి.

ప్రోబయోటిక్ వేసేవాళ్లు వేరే రోజు చూసుకోండి. పర్మాంగనేట్ మంచి బాక్టీరియాను వదిలిపెట్టదు. నీళ్లలో రంగు పూర్తిగా పోయి మూడు నాలుగు రోజులు గడిచాక వెయ్యండి.

పిల్లను ముంచే టబ్బు

ఇది తేలికైన పని, అందరికీ పనికొచ్చేది కూడా. 100 లీటర్ల శుభ్రమైన నీటిలో ఒక గ్రాము మందు, అంటే పైన చేసిన మాతృ ద్రావణం లీటరు మొత్తం పోస్తే 10 పీపీఎం. గాలి పెట్టి, పిల్లను వలతో సహా అరగంట మించకుండా ఉంచాలి. అవి పక్కకు వాలినా, పైకి వచ్చి నోరు తెరిచినా వెంటనే తీసి మంచినీళ్లలోకి మార్చండి. బోరు నీళ్లు వాడితే ముందే గాలి పట్టించి ఒక రోజు నిలవ ఉంచండి. మా వైపు బోర్లలో ఇనుము ఎక్కువ, అది ముందే మందును తినేసి గులాబీని గోధుమ చేస్తుంది. పిల్లను ముంచేటప్పుడు నీళ్లు గులాబీగా లేకపోతే ఆ టబ్బుకు అర్థం లేదు.

మకాంలో ఎక్కడ పెట్టాలి

ఇక్కడ నేను కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నన్ను ఎక్కువ భయపెట్టేది చెరువు కాదు, మకాం. ఒక గదిలోనే పర్మాంగనేట్ డబ్బా, పక్కన ప్రోబయోటిక్ మురగబెట్టడానికి తెచ్చిన బెల్లం, తవుడు బస్తాలు, ఇంజనుకు డీజిలు, ఏరియేటరుకు గ్రీజు, ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం) క్యాను, వాటన్నిటి మీద గోనె సంచులు. రవాణా నిబంధనల్లో ఈ మందు 5.1 తరగతి ఆక్సిడైజరు, యూఎన్ సంఖ్య 1490, డబ్బా మీద వలయం పైన మంట ఉన్న పసుపు బొమ్మ. తనంతట తాను మండదు. మండే వస్తువుకు తగిలితే దాన్ని మండిస్తుంది, మండుతున్నదాన్ని ఉధృతం చేస్తుంది. కొన్నిటితో కలిస్తే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. గ్లిజరిన్, బ్రేక్ ఆయిల్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం లాంటివి దీని దగ్గరకు రానేకూడదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఫార్మలిన్ తగిలితే వేడెక్కి పొంగి కళ్లు, గొంతు మండించే వాయువు గది నింపేస్తుంది. కోళ్ల హేచరీల్లో గదుల ధూపానికి ఈ రెండిటినీ కలుపుతారు, అది శిక్షణ ఉన్నవాళ్లు ఖాళీ గదిలో చేసే పని. మకాంలో అది ప్రమాదం.

కాబట్టి పర్మాంగనేట్‌కు విడిగా ఒక అర ఉండాలి. సిమెంటు గట్టు మీద, తడి తగలని చోట, మూత బిగించి, దాని సొంత ప్లాస్టిక్ డబ్బాలోనే. కాగితపు పొట్లాల్లో, గోనెలో, చెక్క పెట్టెలో వద్దు. నీళ్లసీసాలో, కూల్‌డ్రింకు సీసాలో కలిపి పెట్టడం అస్సలు వద్దు. మకాంలో కాపలావాళ్ల పిల్లలు తిరుగుతుంటారు, ఆ రంగు వాళ్లకు సోడాలా కనబడుతుంది.

నేల మీద ఒలికితే ప్లాస్టిక్ చేటతో ఎత్తి, మిగిలింది నీళ్లతో కడగండి. రంపపు పొట్టు, ఊక, గుడ్డ పీలికలతో తుడిచి మూల పడెయ్యొద్దు, వాటిలోనే నెమ్మదిగా మంట రాజుకుంటుంది. మంటంటూ అంటుకుంటే నీళ్లే గుమ్మరించాలి, అదీ ధారగా. పొడి చల్లి గాలి ఆపే ఉపాయం పనిచెయ్యదు, ఆక్సిజన్ మందులోనే ఉంది.

తూచేటప్పుడు, కరిగించేటప్పుడు రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు ఉండాలి. గింజ కంటే పొడి ప్రమాదం, గాలికి లేచి కంట్లో, ముక్కులో పడుతుంది. కంట్లో పడితే రెప్ప తెరిచి కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోసి, ఆ తర్వాత కంటి డాక్టరు దగ్గరికి. మింగితే వాంతి చేయించకండి. వచ్చేటప్పుడు గొంతును రెండోసారి కాలుస్తుంది. నోరు కడిగించి 108కి ఫోన్ చేసి, డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చేతి మీద గోధుమ మరక మాత్రం ప్రమాదం కాదు. నిమ్మకాయ రుద్దినా, విటమిన్ సి మాత్ర తడిపి రాసినా పోతుంది. ఆ మరక మీద బ్లీచింగ్ పౌడరు రుద్దకండి.

ఇంటి వాడకాల గురించి

కాలివేళ్ల సందులు పాసిపోయినప్పుడు, రసి కారే గజ్జికి డాక్టర్లు ఇప్పటికీ దీని నీళ్లలో కాళ్లు పెట్టమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఇదీ ఉంది. పదివేలకు ఒకటి, అంటే 4 లీటర్ల నీటికి 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. లేత గులాబీ రంగు చాలు. ముదురు రంగుకు చర్మం ఎండి కాలుతుంది. గోళ్లకు మరక పడకుండా ముందు వాజిలీన్ రాసుకోవచ్చు. పది పదిహేను నిమిషాలకు మించి వద్దు, డాక్టరు చెప్పినన్ని రోజులే. చెరువు మందు డబ్బాలోంచి చిటికెడు వేసుకోవడం మాత్రం వద్దు, చిటికెకు కొలత లేదు. ఈ మాత్రలను మింగే మాత్రలనుకుని మింగిన ఘటనలు జరగడంతో ఇంగ్లండ్ ఆరోగ్య వ్యవస్థ 2022లో దేశమంతా హెచ్చరిక పంపింది. మాత్ర మందుల పెట్టెలో కాక విడిగా ఉంచాల్సింది అందుకే.

బావులలో చల్లే సంగతి పెద్దలు ఇప్పటికీ అడుగుతారు. 1890లలో ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే శాస్త్రవేత్త కలరా రోజుల్లో బావులను దీంతో శుద్ధి చేయించారు. అప్పటికి అది గొప్ప అడుగే. ఇప్పుడు తాగే నీటికి క్లోరిన్ ఉంది, దాన్ని కొలవొచ్చు, నమ్మొచ్చు. బావిలో పర్మాంగనేట్ వద్దు.

అరటి పంట ఉన్నవాళ్లు మాత్రం దీన్ని మరోలా వాడొచ్చు. పండును ముగ్గబెట్టే ఎథిలీన్ వాయువును ఇది తినేస్తుంది. పర్మాంగనేట్ పట్టించిన గుళికలను చిన్న సంచుల్లో పెట్టి పెట్టెలో వేస్తే గెల ఆలస్యంగా ముగ్గుతుంది. సంచి పండును తాకకూడదు. గుళిక ఊదా నుంచి గోధుమకు తిరిగితే పని అయిపోయినట్టు, మార్చాలి.

ఇక కొనేటప్పుడు చూడాల్సింది. డబ్బా విప్పి చెంచాడు తీసి గ్లాసు డిస్టిల్డ్ వాటర్‌లో నాలుగు గింజలు వెయ్యండి. పూర్తిగా కరిగి, అడుగున గోధుమ మడ్డి మిగలకపోతే మంచి సరుకు. మడ్డి కూర్చుంటే పాతదో, తడి తగిలిందో, కల్తీయో అన్నమాట. దాంతో చేసిన బకెట్ పరీక్ష కూడా తప్పే చెబుతుంది కాబట్టి, షాపులోనే ఈ పరీక్ష చేసి చూపించమని అడగండి.